సంశయలాభం: ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ ముగింపు, ప్రేక్షకుడి తృప్తి

కథ కంచికి, మనం ఇంటికి అని తెలుగువారు కథను ముగిస్తారు. కథ తన చోటికి తాను వెళ్లిపోవాలి, విన్నవారు నిశ్చింతగా తమ ఇళ్లకు పోవాలి. ఈ ఒప్పందాన్ని అన్ని కథల కన్నా కచ్చితంగా పాటించేది నేరపరిశోధన కథ. మొదటి పుటలో శవం, చివరి పుటలో దోషి. మధ్యలో ఎన్ని మలుపులున్నా పాఠకుడు ఓపిక పట్టేది ఆ చివరి పుట మీది నమ్మకంతోనే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు చదివిన తరానికైనా, వంశీ ‘అన్వేషణ’ (1985) చూసిన తరానికైనా, ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) చూసిన తరానికైనా ఆ నమ్మకం ఒకటే.

అలాంటప్పుడు దోషి ఎవరో చెప్పకుండా ముగిసే సినిమా ప్రేక్షకుడికి తృప్తినిస్తుందా? ఇవ్వదనీ, అది కథకుడి చేతగానితనానికి కళ అనే ముసుగు తొడగడమేననీ ఒక వాదం. జీవితంలో అన్నిటికీ జవాబులు దొరకవు కనుక కళలోనూ దొరకనక్కరలేదని ప్రతివాదం. రెండింటిలోనూ తొందరపాటు ఉంది. మొదటిది తృప్తి అంటే జవాబేననుకుంటుంది. రెండోది జీవితంలోని లోటును చూపి కళలోని లోటును మాఫీ చేయించుకోవాలని చూస్తుంది.

ఈ చర్చకు గట్టి ఆధారం ఒకటి ఉంది. దోషి తేలకుండా ముగిసిన ఒక సినిమాకు పదహారేళ్ల తర్వాత వాస్తవ ప్రపంచమే జవాబు తెచ్చి ఇచ్చింది. ఆ జవాబు వచ్చాక సినిమా ఏమైందో పరిశీలిస్తే, జవాబుకూ తృప్తికీ ఉన్న సంబంధం ఎంతటిదో తెలుస్తుంది. ఆ సినిమా దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో 2003లో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’.

వాయిదా, ఎగవేత, నిరాకరణ

ముందుగా, తేలని ముగింపులన్నీ ఒక రకానివి కావు. తెలుగు ప్రేక్షకుడికి బాగా తెలిసినది వాయిదా. 2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్య దగ్గర ఆగిపోయింది. చంపినవాడు తెలుసు, కారణం తెలియదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్ దాకా దేశమంతా తిరిగింది. ఆ ముగింపు పట్ల ఎవరూ పెద్దగా కోపగించుకోలేదు. కారణం, బాకీ తీరుతుందన్న హామీ అందులోనే ఉంది. ‘హిట్’ (2020) కూడా కేసును తేల్చి, నాయకుడి గతాన్ని మాత్రం వాయిదా వేసింది. తర్వాతి భాగం వేరే నాయకుడితో, వేరే కేసుతో రావడంతో ఆ బాకీ పద్దు అలాగే మిగిలింది. వాయిదా తృప్తి కాదు, తృప్తికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు.

రెండోది ఎగవేత. ఆధారాలను ఇష్టం వచ్చినట్టు వెదజల్లి, వాటిని కలిపే దారి కథకుడికే కనబడనప్పుడు, ‘అర్థం మీరే చేసుకోండి’ అని తెర దించేయడం. ఇక్కడ ప్రేక్షకుడి ఆగ్రహం పూర్తిగా న్యాయమైనది.

మూడోది నిరాకరణ. కథకుడు జవాబివ్వడు, కాని ఎందుకు ఇవ్వడో కథ నడకలోనే రుజువు చేస్తాడు. ఇందులో మొదటి దృశ్యం నుంచీ చివరి దృశ్యానికి సన్నాహం ఉంటుంది. ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ ఈ కోవకు చెందుతుంది. ఎగవేతనూ నిరాకరణనూ వేరు చేసే గీత ఎక్కడుందో ఆ సినిమా నిర్మాణమే చూపిస్తుంది.

కేసు, కథ

సియోల్‌కు దక్షిణాన ఉన్న హ్వాసంగ్ అప్పట్లో పల్లె ప్రాంతం. 1986 సెప్టెంబరు నుంచి 1991 ఏప్రిల్ వరకు అక్కడ పదిమంది స్త్రీలు, బాలికలు హత్యకు గురయ్యారు. పోలీసులు 20 వేల మందికి పైగా విచారించారు. ఒక్క కేసులో, అదీ ఎనిమిదో హత్యలో మాత్రమే ఒకరికి శిక్ష పడింది. మిగతావి తేలలేదు. కిమ్ క్వాంగ్-లిమ్ 1996లో ఈ కేసు మీద నాటకం రాశాడు. బాంగ్ సినిమాకు ఆధారం అదే.

సినిమాలో ఇద్దరు పరిశోధకులు. స్థానిక డిటెక్టివ్ పార్క్ డూ-మాన్ (సాంగ్ కాంగ్-హో నటించాడు) మనిషి ముఖం చూసి దోషో కాదో చెప్పగలనంటాడు. సియోల్ నుంచి వచ్చిన సియో టే-యూన్ కాగితాలు అబద్ధమాడవంటాడు. ఒకరిది చూపు మీద నమ్మకం, మరొకరిది పత్రం మీద నమ్మకం. సినిమా చేసే పనల్లా ఈ రెండు నమ్మకాలనూ ఒకదాని తర్వాత ఒకటి కూల్చడం.

పార్క్ మొదట బేక్ క్వాంగ్-హో అనే మతిస్థిమితం లేని యువకుణ్ణి పట్టుకుంటాడు. అతడి బూటు తెచ్చి మట్టిలో అద్ది, ఆ అచ్చునే సాక్ష్యంగా ఫోటో తీస్తాడు. హత్యాస్థలంలో ఉన్న అసలు అడుగుజాడ మాత్రం అంతకుముందే ట్రాక్టరు చక్రం కింద చెరిగిపోయింది. సాక్ష్యాన్ని కాపాడలేని వ్యవస్థకు సాక్ష్యాన్ని తయారుచేయడం మాత్రం బాగా వచ్చు. తర్వాత తెలుస్తుంది, క్వాంగ్-హో నేరాన్ని చూసినవాడని. అతడు చెప్పింది సాక్షి చెప్పిన మాట. కొట్టి చెప్పించుకున్నవారు దాన్ని నేరాంగీకారంగా విన్నారు. ఆ సంగతి అర్థమయ్యేసరికి అతడు రైలు కింద పడి చనిపోతాడు.

నేపథ్యంలో చున్ డూ-హ్వాన్ సైనిక పాలన ఉంది. ఒక వానరాత్రి హత్య జరగబోతోందని ఊహించి బలగాలు పంపమని అడిగితే, వారంతా ప్రదర్శనకారులను అణచడానికి వెళ్లారన్న జవాబు వస్తుంది. పౌర రక్షణ కసరత్తు పేరిట ఊరంతా దీపాలు ఆర్పుకున్న చీకటిలో ఒక బడిపిల్ల హత్యకు గురవుతుంది. దోషి ఎవరన్న ప్రశ్న పక్కన ఇలా మరొక ప్రశ్న మెల్లగా వచ్చి కూర్చుంటుంది: ఎవరు వీటిని జరగనిచ్చారు? మొదటి ప్రశ్నకు జవాబు రాదు. రెండో ప్రశ్నకు ప్రతి దృశ్యమూ జవాబే.

ఠాణాలో ఇద్దరు

సినిమా మొదట్లోనే వచ్చే ఒక చిన్న ఘట్టం మొత్తం నిర్మాణానికి తాళంచెవి. ఠాణాలో ఇద్దరు యువకులు పక్కపక్కనే కూర్చుని వాంగ్మూలాలు రాస్తుంటారు. ఒకడు అత్యాచారం చేసినవాడు, రెండోవాడు బాధితురాలి అన్న, నేరస్థుణ్ణి తనే పట్టి తెచ్చాడు. ముఖం చూసి చెప్పగలనంటావు కదా, ఇద్దరిలో నేరస్థుడెవరో చెప్పమని పై అధికారి పార్క్‌ను అడుగుతాడు. కెమెరా ఇద్దరినీ చూపిస్తుంది, పార్క్ కళ్లను చూపిస్తుంది. జవాబు చెప్పకుండా దృశ్యం ముగుస్తుంది.

ప్రేక్షకుడు ఆ క్షణంలో తానూ ఊహిస్తాడు. బట్టలనో, వాలకాన్నో, తల వంచుకున్న తీరునో బట్టి మనసులో ఒకరిని దోషిగా తేల్చేస్తాడు. అతడి ఊహ నిజమో కాదో సినిమా చెప్పదు. రెండు గంటల తర్వాత రాబోయే ముగింపును దర్శకుడు ఇక్కడే, చాలా తక్కువ పందెంతో, ఒకసారి ఆడి చూపించాడు. ఎగవేత వేసే సినిమాలో ఇలాంటి సన్నాహం ఉండదు.

సొరంగం ముందు

పతాక సన్నివేశంలో సియో టే-యూన్ చివరి అనుమానితుడు పార్క్ హ్యోన్-గ్యూను రైలు సొరంగం ముందు వానలో కొడుతూ, తుపాకీ గురిపెట్టి ఒప్పుకోమంటాడు. కాగితాన్ని నమ్మినవాడు ఇప్పుడు చేతిని నమ్ముకున్నాడు. అప్పుడే అమెరికా నుంచి డీఎన్ఏ నివేదిక వస్తుంది. అనుమానితుడే హంతకుడని అది నిర్ధారించదు. ఆ కాగితమే అబద్ధమని సియో దాన్ని విసిరేస్తాడు. ఇక మిగిలింది పార్క్ డూ-మాన్ చూపు. అతడు అనుమానితుడి ముఖాన్ని చేతుల్లోకి తీసుకుని, కళ్లలోకి చాలాసేపు చూసి, తనకు తెలియడం లేదంటాడు. తర్వాత, అన్నం సరిగ్గా తింటున్నావా అని అడిగి వదిలేస్తాడు.

సియో తుపాకీ పేలాలని ప్రేక్షకుడు కోరుకుంటాడు. అతణ్ణి ఆ కోరికకు తెచ్చింది సినిమానే. బడిపిల్ల మరణం తర్వాత ఎవరో ఒకరికి శిక్ష పడాలన్న ఆవేశం తెరమీద డిటెక్టివ్‌లో ఎంత ఉందో కుర్చీలోని మనిషిలోనూ అంతే ఉంది. ‘ఎవరో ఒకరు’ అన్న ఆ మాటే క్వాంగ్-హోను చంపింది. దోషి దొరకాలన్న తహతహ పోలీసులో ఉంటే దొంగ సాక్ష్యం అవుతుంది, ప్రేక్షకుడిలో ఉంటే ముగింపు అవుతుంది. రెంటి వేరు ఒకటే. సినిమా ఆ వేరును చూపించాక, ఇంకొక దోషిని తెచ్చి ప్రేక్షకుడి చేతిలో పెడితే తాను చెప్పినదాన్ని తానే కొట్టివేసుకున్నట్టవుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ ఘట్టం మరీ పరాయిది కాదు. బేతాళ కథల్లో ప్రతి ప్రశ్నకూ రాజుకు జవాబు తెలుసు. చెప్పగానే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది, నడక మళ్లీ మొదలవుతుంది. సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లో ఆ వరుస చివరి ప్రశ్న వేరు. తండ్రీకొడుకులు రెండు జతల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్లాడాలని మాట అనుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్న పాదాలు తల్లివి. వారికి పుట్టే పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని ప్రశ్న. రాజుకు తెలియదు, మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికే బేతాళుడు మెచ్చి, రాజు ప్రాణం దక్కే ఉపాయం చెబుతాడు. జవాబులన్నీ కథను వెనక్కి లాగితే, తెలియకపోవడం కథను గమ్యం చేర్చింది. పార్క్ డూ-మాన్ నోటినుంచి వచ్చిన ‘తెలియదు’ అలాంటిదే. అతడి కళ్లకు ఉందనుకున్న శక్తి పోయింది. అతడు మొదటిసారిగా నిజం చెప్పాడు.

భారతీయ నాటక శాస్త్రం కథాగమనానికి ఐదు అవస్థలు చెప్పింది: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. హంతకుడు దొరకడమే ఫలమనుకుంటే ఈ సినిమా ప్రాప్త్యాశ దగ్గరే తెగిపోయింది. డిటెక్టివ్ తన అజ్ఞానాన్ని గుర్తించడం ఫలమనుకుంటే ఐదు అవస్థలూ నిండాయి. ముగింపు తృప్తినిచ్చిందా లేదా అన్న తగవులో ఇరుపక్షాలూ సాధారణంగా మాట్లాడేది రెండు వేర్వేరు ఫలాల గురించి.

2019: జవాబు వచ్చింది

చివరి దృశ్యం 2003లో. పార్క్ ఇప్పుడు పోలీసు కాదు, వ్యాపారం చేసుకుంటున్న గృహస్థు. మొదటి శవం దొరికిన పొలం దగ్గర ఆగి మురుగుకాలువ తూములోకి తొంగిచూస్తాడు. కొన్నాళ్ల క్రితం మరొకాయన కూడా ఇలాగే చూశాడనీ, ఎప్పుడో ఇక్కడ చేసిన పని గుర్తొచ్చిందన్నాడనీ ఒక చిన్నపిల్ల చెబుతుంది. ఎలా ఉన్నాడని అడిగితే, మామూలుగా, అందరిలాగే ఉన్నాడంటుంది. పార్క్ తలెత్తి నేరుగా కెమెరాలోకి చూస్తాడు. హంతకుడు ఎప్పటికైనా ఈ సినిమా చూస్తే పరిశోధకుడి కళ్లు అతడి కళ్లను కలవాలన్నది తన ఉద్దేశమని దర్శకుడు చెప్పాడు. కొరియాలో ఈ సినిమాకు 50 లక్షలకు పైగా టిక్కెట్లు అమ్ముడయ్యాయి. కేసు తేలలేదని ఆ ప్రేక్షకులందరికీ ముందే తెలుసు. జవాబు రాదని తెలిసే వెళ్లారు, తృప్తిగానే తిరిగివచ్చారు.

2006లో చివరి హత్యకు కాలపరిమితి తీరి, చట్టం దృష్టిలో కేసు మూతపడింది. 2019 సెప్టెంబరులో, భద్రపరిచిన వస్తువుల మీది డీఎన్ఏ లీ చున్-జే అనే ఖైదీతో సరిపోయిందని పోలీసులు ప్రకటించారు. మరదలి హత్య కేసులో అతడు 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు. హ్వాసంగ్ హత్యలు పదింటితో కలిపి 14 హత్యలు తానే చేశానని ఒప్పుకున్నాడు. కాలపరిమితి తీరిపోయినందున వాటికి శిక్ష వేయడం వీలుపడలేదు. ఆ కాలంలో పోలీసులు అతణ్ణి విచారించి వదిలేశారని కూడా తేలింది. హంతకుడి రక్తం ఫలానా గ్రూపు అని వారు పెట్టుకున్న తప్పు అంచనాకు అతడి రక్తం సరిపోలేదు.

అంటే ప్రేక్షకుడు కోరిన చివరి పుట దొరికింది. ఇప్పుడు దాన్ని సినిమాకు అతికించి చూస్తే ఏమవుతుంది? మొదటగా, సినిమా దానివల్ల సంపూర్ణం కాలేదు. హంతకుడి పేరు తెలిసి చూసినవారికి సొరంగం ముందరి ఘట్టంలో ఉత్కంఠ తగ్గదు, పెరుగుతుంది. హ్యోన్-గ్యూ కల్పిత పాత్రే, నిజ జీవితంలోని ఏ ఒక్కరికీ అతడు ప్రతిబింబం కాడు. అయినా అలాంటి స్థితిలో ఠాణాలకు వెళ్లిన వాస్తవ మనుషులు నిర్దోషులని ఇప్పుడు తెలుసు. ఆ తుపాకీ పేలాలని కోరుకున్న ప్రేక్షకుడు తాను కోరుకున్నది ఏమిటో 2019 తర్వాత మరింత స్పష్టంగా చూడగలడు.

రెండోది, హంతకుడి గురించి ఆ చిన్నపిల్ల చెప్పిన మాటే నిజమైంది. అతడు నలుగురిలో ఒకడుగా, విచారణకు వచ్చి వెళ్లినవాడుగా తేలాడు. మూడోది అన్నిటికన్నా చేదుది. లీ ఆ సినిమాను జైల్లో చూశాడు. తనకేమీ అనిపించలేదని 2020లో కోర్టులో చెప్పాడు. దర్శకుడు ఎవరి కోసం ఆ చివరి చూపును ఉంచాడో అతడి మీద అది పనిచేయలేదు. పనిచేసింది మిగిలిన అందరి మీద. హంతకుడికి గురిపెట్టిన చూపు మామూలు ప్రేక్షకుణ్ణి తాకింది: ఎవరో ఒకరికి శిక్ష పడాలని తొందరపడినది అతడే కదా.

దీన్నిబట్టి ఒక పరీక్ష చెప్పుకోవచ్చు. తేలని ముగింపు గల సినిమాకు బయటినుంచి జవాబు తెచ్చి ఇచ్చినప్పుడు, ఆ జవాబు దొరికాక ఇక సినిమాతో పని లేకపోతే అది ఎగవేత. జవాబు తెలిసినా సినిమా అడిగే ప్రశ్న అలాగే నిలిస్తే అది నిరాకరణ.

‘జోడియాక్’తో పోలిక

ఇదే పరీక్షకు డేవిడ్ ఫించర్ ‘జోడియాక్’ (2007)ను పెడితే ఫలితం కొంత భిన్నంగా ఉంటుంది. 1960ల చివర ఉత్తర కాలిఫోర్నియాలో జరిగిన హత్యల మీద తీసిన ఈ సినిమాలోనూ కేసు తేలదు. అయితే కార్టూనిస్టు రాబర్ట్ గ్రేస్మిత్ సేకరించిన ఆధారాలు ఒక అనుమానితుడి వైపు బలంగా మొగ్గుతాయి. అతడు పనిచేసే దుకాణానికి వెళ్లి గ్రేస్మిత్ అతడి కళ్లలోకి చూస్తాడు. 1991లో, దాడి నుంచి బతికి బయటపడిన ఒక వ్యక్తి ఫోటోల్లోంచి అతణ్ణే గుర్తిస్తాడు. ఆ అనుమానితుడు అభియోగం నమోదు కాకుండానే మరణించాడనీ, తర్వాతి డీఎన్ఏ పరీక్ష అతడితో సరిపోలలేదనీ చివరి అక్షరాలు చెబుతాయి.

ఇక్కడా చూపే, అక్కడా చూపే. అయితే పార్క్ చూసి తెలియదంటాడు, గ్రేస్మిత్ చూసి తెలిసిందనుకుంటాడు. ‘జోడియాక్’ ప్రేక్షకుడు ఒక పేరు వెంట తీసుకుని ఇంటికి వెళతాడు. రేపు మరొక పేరు రుజువైతే ఆ సినిమా చివరి అరగంట బలం కొంత సడలుతుంది. పేరు కోసం మనుషులు తమ సంసారాలనూ ఏళ్లనూ ఎలా పోగొట్టుకుంటారో చూపిన భాగం మాత్రం చెక్కుచెదరదు. ‘జోడియాక్’ గొప్ప సినిమాయే, కాని ముగింపు దగ్గర ప్రేక్షకుడి దాహానికి కొద్దిగా నీళ్లు పోసింది. బాంగ్ ఆ దాహం ఎలాంటిదో చూపించాడు.

ఎవరి తృప్తి?

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రేక్షకుడు తేలని ముగింపులోని లోతును మెచ్చుకుని వెళతాడు. చనిపోయినవారి తల్లిదండ్రులకు అది ముగింపే కాదు. వారికి కావలసింది పేరు. ఇతరుల తీరని దుఃఖం నుంచి తృప్తి పిండుకోవడం న్యాయమేనా? ఈ ప్రశ్నకు కళ తరఫున పూర్తి సమాధానం లేదు. హ్వాసంగ్ కుటుంబాలకు పేరు ఇచ్చింది సినిమా కాదు, దాచిన వస్తువులూ ప్రయోగశాలా.

అయితే ఆ దుఃఖాన్ని తప్పు పేరుతో తీర్చబూనడం మరొక దుఃఖాన్ని పుట్టిస్తుంది. ఎనిమిదో హత్యలో, 13 ఏళ్ల బాలిక కేసులో, 1989లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. యావజ్జీవ శిక్ష పడింది. దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉండి 2009లో విడుదలయ్యాడు. 2020 డిసెంబరులో కోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. హ్వాసంగ్ కథలో ‘తేలిన’ భాగం ఆ ఒక్కటే. అదీ అబద్ధం. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు దీనికి పోలిక వెతకనక్కరలేదు. 2007లో విజయవాడ సమీపంలోని ఒక హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్యలో ఒక యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతడు నిర్దోషి అని విడుదల చేసింది. ఆ యువతి తల్లిదండ్రులు మొదటినుంచీ అడిగింది అసలు దోషిని. ఎవరో ఒకరిని కాదు. ముగింపు కోసం ఎక్కువ తహతహలాడవలసినవారే తప్పుడు ముగింపును ఒప్పుకోలేదు.

న్యాయస్థానాల భాషలో దీనికి సంశయలాభం అని పేరు. అనుమానం మిగిలితే దాని మేలు ముద్దాయికి దక్కాలి. వినడానికి ఇది అసంతృప్తికరమైన తీర్పు. ఎవరి గుండెకూ ఊరటనివ్వదు. అయినా న్యాయవ్యవస్థ గౌరవం నిలబడేది దానిమీదే. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోలేని ఠాణా క్వాంగ్-హోలను తయారుచేస్తుంది. ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ ముగింపు ప్రేక్షకుడి చేత ఆ సంశయలాభం ఇప్పించింది. అతడి ఇష్టానికి విరుద్ధంగా, అతడి కోపం ఇంకా చల్లారకముందే ఇప్పించింది.

జవాబుల కోసం వచ్చిన ప్రేక్షకుడికి ఆ సినిమా తృప్తినివ్వదన్నది నిజమే. ఆ అసంతృప్తిని రుచి లేనితనంగా కొట్టిపారేయడం విమర్శకు తగదు. న్యాయం కావాలన్న కోరికే దానికి మూలం. ఆ కోరిక ఎటు మళ్లితే ఎవరు బలవుతారో తెలుసుకున్నవాడికి మాత్రం ఆ సినిమా ఎక్కడా బాకీ లేదు. హంతకుడు దొరికిన తర్వాత కూడా దాన్ని మళ్లీ చూడవలసి రావడమే అందుకు రుజువు.